నగరమున అద్దె యిల్లు కొనదలచిన రైతునకు కొంత లెక్క

ధాన్యము అమ్మిన సొమ్ము చేతికి వచ్చు నెలలలో మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో ఒకరిద్దరైనను తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. “హైదరాబాదులో ఒక ఫ్లాటు కొని అద్దెకిచ్చినచో ఎట్లుండునండీ? వానకు వెఱవనక్కఱలేదు, కూలీలకై తిరుగనక్కఱలేదు, ఒకటవ తేదీకి అద్దె వచ్చి పడును గదా!” అని. రహదారికి భూమి పోయి నష్టపరిహారము పొందినవారు, కుమారుడో కుమార్తెయో నగరమున ఉద్యోగమున కుదిరినవారు, సేద్యముతో విసిగినవారు, అందఱును ఈ ప్రశ్ననే వేర్వేఱు మాటలతో అడుగుచున్నారు. నిలుచుండి చెప్పిన సమాధానము నిలువదు గనుక దీనినిగూర్చి పత్రికలో వ్రాయుట మేలని తోచినది.

అద్దె యిల్లు కొనుట తప్పని చెప్పుట మా యుద్దేశము కాదు. అద్దె యనునది కూడ నొక పంటయే. దానికిని పెట్టుబడి కలదు, దిగుబడి కలదు, కలుపు కలదు, బీడుపడు కాలము కలదు. పొలమునకు గింజగింజకు లెక్క వేయు రైతు, ఇంటి విషయమున మాత్రము దళారి చెప్పిన యంకెను నమ్మి జీవితకాలపు ధనమును ఒక్క పూటలో ధారపోయుచున్నాడు. ఆ లెక్కను మన సభ్యులు తామే వేసికొనుటకు ఈ వ్యాసము.

ముందుగా నగరము మాట. ముంబయి, ఢిల్లీ నగరములతో పోల్చిన హైదరాబాదులో ఇంటి ధర నేటికిని తక్కువయే. నగరము రాతినేలపై నాలుగు దిక్కులకు విస్తరింపగల చోట నున్నది. సముద్రము అడ్డము లేదు. 158 కిలోమీటర్ల వెలుపలి వలయ రహదారి యేర్పడిన పిమ్మట దూరపు గ్రామములు కూడ నగరములో కలిసిపోయినవి. 1998లో సైబర్ టవర్సు తెఱచిన నాటినుండి పడమటి దిక్కున కంప్యూటరు కంపెనీలు పెరిగినవి. 2017 నవంబరులో మెట్రో రైలు మియాపూరు, నాగోలు నడుమ నడచుట మొదలుపెట్టినది. ఇన్ని కారణములచేత ఉద్యోగమునకై వచ్చువారు, చదువుకై వచ్చువారు ఏటేట పెరుగుచునే యున్నారు. అద్దెకుండువారికి కొదువ లేదు. ఇంతవరకు దళారి చెప్పునది నిజమే.

ఇక లెక్క. ఒక ఉదాహరణము తీసికొందము. ఈ యంకెలు చేతికందిన సామాన్యపు ఫ్లాటునకు సరిపడునట్లు మేము వేసినవి. సభ్యులు తాము చూచిన యింటి యంకెలను వీని స్థానమున నుంచుకొనవలెను. నగరపు అంచున రెండు పడకగదుల ఫ్లాటు ధర రూ. 60,00,000 అనుకొందము. తెలంగాణములో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను సుంకములన్నియు కలిపి నూటికి ఏడున్నర, అనగా రూ. 4,50,000. అలమారలకు, పంకాలకు, దీపములకు, దళారికి తక్కువలో తక్కువ రూ. 1,50,000. కావున ఇల్లు చేతికి వచ్చునప్పటికి పడిన పెట్టుబడి అరువది లక్షలు కాదు, అరువదియాఱు లక్షలు. ఈ మొదటి మెట్టుననే పలువురు తప్పటడుగు వేయుదురు. కట్టడము పూర్తికాని ఫ్లాటును కొన్నచో దీనిపై జి.ఎస్.టి. కూడ పడును, సామాన్యముగా నూటికి అయిదు, చవుక యిండ్ల తరగతిలో చేరినవానికి నూటికి ఒకటి. పూర్తియైనట్లు ధ్రువపత్రము పొందిన ఇంటికి ఆ పన్ను లేదు.

దాని అద్దె నెలకు రూ. 17,000 అనుకొందము. ఏడాదికి రూ. 2,04,000. వినుటకు బాగుగనే యున్నది. కాని ఒకరు ఖాళీ చేసి మఱియొకరు వచ్చునప్పటికి నెల గడచును, రూ. 17,000 పోయినది. ఇంటిపన్ను రూ. 6,000. సున్నము, రంగు, కారు గొట్టములు, చెడిన మోటారు, ఇవి ప్రతి సంవత్సరము రావు గాని వచ్చినప్పుడు ఒక్కసారిగా వచ్చును, సగటున రూ. 20,000. క్రొత్త అద్దెదారుని తెచ్చిన దళారికి, ఊరినుండి మీరు పోయి వచ్చు ఛార్జీలకు, ఖాళీ నెలలో సంఘపు నిర్వహణ రుసుమునకు కలిపి రూ. 11,000. ఇవన్నియు తీసివేయగా మిగులునది రూ. 1,50,000. అరువదియాఱు లక్షలకు లక్షన్నర! నూటికి రెండుంబావు మాత్రమే. ఆ సొమ్మునే బ్యాంకులో దీర్ఘకాలపు డిపాజిట్టుగా నుంచిన నూటికి ఆఱు ప్రాంతమున వడ్డీ వచ్చును.

“అద్దెకై కాదండీ, ధర పెరుగుననియే కొనుచున్నాము” అని సభ్యులు చెప్పుదురు. ఆ మాటలో సత్యము కలదు. డిపాజిట్టు అసలు పెరుగదు, ఇంటి అసలు పెరుగవచ్చును. అద్దెయు ఏటేట కొంత హెచ్చును. అయినను లెక్క వేయుడు. ధర ఏటేట నూటికి అయిదు చొప్పున తప్పక పెరిగినదనుకొన్నను, పదియేండ్లకు అరువది లక్షల యిల్లు సుమారు తొంబదియెనిమిది లక్షలగును. మన పెట్టుబడి అరువదియాఱు గనుక, ఆ పెట్టుబడిపై పెరుగుదల ఏడాదికి నూటికి నాలుగు మాత్రమే. దానికి అద్దె రెండుంబావు కలిపిన ఆఱుంబావు. అనగా డిపాజిట్టుతో దాదాపు సమానము. పైగా అయిదు పెరుగుననుట యొక ఆశ. హైదరాబాదులోనే 2008 తరువాత ప్రపంచపు ఆర్థిక మాంద్యమువలనను, రాష్ట్ర విభజన విషయమైన అనిశ్చితివలనను కొన్నియేండ్లు ధరలు కదలక నిలిచిపోయినవి. ఆ కాలమున అప్పుచేసి కొన్నవారు అమ్మబోయిన కొనువాడు లేకపోయెను. 2014 తరువాత ధరలు మిక్కిలి వేగముగా పెరిగిన మాటయు నిజమే. దళారి ఈ రెండవ కాలమును మాత్రమే చెప్పును.

పెరుగునది యేదో, అరుగునది యేదో కూడ తెలిసికొనవలెను. భూమి పెరుగును, కట్టడము అరుగును. ఫ్లాటు కొన్నవానికి క్రయ దస్తావేజులో కట్టడమునకు క్రిందనున్న నేలలో విభజింపని వాటా కొంత వ్రాసి యిత్తురు. అయిదు వందల గజముల స్థలమున పది ఫ్లాట్లు కట్టిన ఒక్కొక్కరికి ఏబది గజములు వచ్చును. అదే ముప్పది అంతస్తుల భవనమున ఇంకను చాల తక్కువ వచ్చును. ఇరువదియేండ్లకు మెట్లు, లిఫ్టు, గొట్టములు పాతపడిన పిమ్మట ధరను నిలుపునది ఈ వాటాయే. మెఱయు రాతిపలకలను, ఈతకొలనును చూచి మురియుటకు ముందు “నా వాటా ఎన్ని గజములు?” అని అడుగు రైతును దళారి వింతగా చూచును. చూడనిండు. నేల కొలత అడుగుట మనకు క్రొత్త కాదు.

ఈ కారణముననే కొందఱు సభ్యులు ఫ్లాటునకు బదులు నూఱు, నూటయేబది గజములలో పాత యింటిని కొని, క్రిందొకటి పైనొకటిగా పోర్షన్లు అద్దెకిచ్చుచున్నారు. నేలంతయు తమదే, నాలుగు పోర్షన్లలో ఒకటి ఖాళీ యైనను తక్కిన మూటి అద్దె ఆగదు. మా యభిప్రాయమున ఇది ఫ్లాటుకంటె మేలు. కాని నీటి తగవులును, కరెంటు మీటరు తగవులును తీర్చుటకు దగ్గఱ మనిషి యుండవలెను. వేసవిలో బోరు ఎండి ట్యాంకరు నీరు తెప్పించు వీధి యైనచో అద్దెదారుడు నిలువడు. కావున ఇంటిని ఏప్రిలు, మే నెలలలో చూడుడు.

అప్పుచేసి కొనుటనుగూర్చి మఱింత గట్టిగా చెప్పవలసియున్నది. పై యింటికే నలుబది లక్షలు నూటికి ఎనిమిదిన్నర వడ్డీకి ఇరువదియేండ్ల గడువుతో తీసికొన్నచో నెలకు కట్టవలసిన వాయిదా రూ. 34,700 పైచిలుకు. ఇంటినుండి ఖర్చులు పోను వచ్చునది నెలకు రూ. 12,500. తక్కిన ఇరువదిరెండు వేలు ఎచ్చటినుండి రావలెను? పొలమునుండి. ఉద్యోగి యైనచో నెలనెల జీతములో కట్టును. రైతునకు సొమ్ము వచ్చునది ఏడాదికి ఒకటి రెండుసార్లు. వాయిదా మాత్రము ప్రతి నెల వచ్చును. ఒక్క పంట చెడినచో పొలమును ఇంటికి ఆహుతి యీయవలసి వచ్చును. ఇంకొక సంగతి. సకాలమున తీర్చిన పంటఋణమునకు నూటికి నాలుగు మాత్రమే వడ్డీ పడుచున్నది గదా యని, ఆ సొమ్మును బయానాకు మళ్ళించువారు లేకపోలేదు. అది సేద్యమునకై ప్రభుత్వము వడ్డీ భరించి యిచ్చు సొమ్ము. దానిని ఇటుకలలో పెట్టినవాడు గడువునాటికి తీర్చలేడు. తీర్చనినాడు రాయితీ పోవును, మఱుసటి పంటకు ఋణమును దొరకదు. ఈ త్రోవ తొక్కవద్దని సభ్యులకు స్పష్టముగా చెప్పుచున్నాము.

ఇక కాగితములు. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసితిమి, శుభ్రముగా నున్నదని చాలమంది తృప్తిపడుదురు. ఆ పత్రము రిజిస్టరైన వ్యవహారములను మాత్రమే చూపును. కోర్టు వ్యాజ్యమును చూపదు. సంతకము చేయని వారసుని చూపదు. 1985 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణవలనను, 2005 నాటి కేంద్ర సవరణవలనను ఆడుబిడ్డలకు పిత్రార్జితమున సమాన హక్కు కలిగినది. పాత క్రయములలో కుమారులు మాత్రమే సంతకము చేసిన దస్తావేజులు కోకొల్లలు. కనుక ముప్పదియేండ్ల లింకు దస్తావేజులన్నిటిని వరుసగా చదివించి, ఎవరి వాటా విడిచిపోయెనో చూడవలెను. అమ్మకమును, బదిలీని నిషేధించిన సర్వే నంబర్ల జాబితా రిజిస్ట్రేషను శాఖవారియొద్ద నున్నది; ప్రభుత్వ భూములు, వక్ఫు భూములు, దేవాదాయ భూములు అందు చేరియుండును. పేదల కిచ్చిన అసైన్డు భూముల అమ్మకమును 1977 నాటి చట్టమే నిషేధించినది. సాధారణ అధికారపత్రము వ్రాసి యిచ్చెదము, రిజిస్ట్రేషను ఖర్చు తప్పునని చెప్పువాని మాట వినరాదు. అట్టి పత్రమువలన యాజమాన్యము బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది.

చెరువుల మాట మనకు పట్టణమువారికంటె బాగుగ తెలియును. శిఖము భూమిలో యిల్లు కట్టరాదని మన పల్లెలో పసిపిల్లవాడును ఎఱుగును. హైదరాబాదు వందలకొలది చెరువుల నడుమ పెరిగిన నగరము. వానిలో పెక్కింటి శిఖములలో కాలనీలు వెలసినవి. 2020 అక్టోబరు వానలకు ఆ కాలనీలలోనికి నీరు వచ్చినది. నీరు తన పాత త్రోవను మఱువలేదు. 2024 జూలైలో ప్రభుత్వము హైడ్రా యను సంస్థ నేర్పఱచి, చెరువుల పూర్తి నీటిమట్టపు హద్దులలో కట్టిన కట్టడములను కూల్చుట ఆరంభించినది. పన్ను కట్టుచున్నామనియు, కరెంటు మీటరున్నదనియు చెప్పుకొన్నంత మాత్రమున ఇల్లు నిలువదు. కొనదలచిన చోటు ఏ చెరువునకు ఎంత దూరమున నున్నదో పటములో చూచుటయే గాక, భోరున వాన కురిసిన మఱునాడు స్వయముగా పోయి గోడల మీది తేమ గీతను చూడుడు.

కట్టడమునకు అనుమతించిన ప్లానును, కట్టిన భవనమును పోల్చి చూడవలెను. అయిదంతస్తుల కనుమతి పొంది ఆఱవది వేయుట సాధారణమైపోయినది. బిల్డరు ప్లానును మీఱకుండుటకై కట్టు వైశాల్యములో నూటికి పదివంతులు పురపాలక సంస్థకు తాకట్టు పెట్టవలెనను నియమము కలదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు వచ్చినప్పుడు గాని అది విడుదల కాదు. మీకు చూపుచున్న ఫ్లాటు ఆ తాకట్టులో నున్నదేమో అడుగుడు.

ఇక్కడ మా బంధువులలో నొకరికి జరిగినది చెప్పక తప్పదు. ఆయనకు రహదారిలో రెండెకరములు పోయినవి. సొమ్ము బ్యాంకులో పడిన వారమునకే ఒక కంపెనీవారి మనిషి ఊరికి వచ్చెను. ఇంకను అనుమతి రాని భవనములో, మొత్తము ఒక్కసారి చెల్లించినచో సగము ధరకే ఫ్లాటు ఇత్తుమని చెప్పెను. ఆయన చెల్లించెను. నాలుగేండ్ల తరువాత నేను ఆయన వెంట పోయి చూచితిని. రేకుల కంచె, దానిపై భవనపు బొమ్మ, లోపల తుమ్మచెట్లు. చేతిలో నున్నది రసీదు ఒక్కటి. కంపెనీ కార్యాలయము తలుపు తీసినవాడు లేడు. తిరుగు ప్రయాణమున బస్సులో ఆయన నోటినుండి మాట రాలేదు. పొలము పోయినది ప్రభుత్వమువలన, సొమ్ము పోయినది తన వలన అని ఇంటికి చేరిన పిదప భార్యతో అనెనట.

2016 నాటి రెరా చట్టము ఇట్టి దానిని నిషేధించినది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమున గాని, ఎనిమిదింటికి మించిన ఫ్లాట్లతో గాని కట్టదలచిన బిల్డరు ముందుగా రెరాలో నమోదు చేసికొననిదే ప్రకటన చేయరాదు, అమ్మరాదు, బయానా పుచ్చుకొనరాదు. రిజిస్టరు చేసిన ఒప్పందము లేక ధరలో నూటికి పదికంటె ఎక్కువ తీసికొనరాదు. కొనుగోలుదారుల సొమ్ములో నూటికి డెబ్బది వంతులు ప్రత్యేకపు ఖాతాలో నుంచి ఆ కట్టడమునకే వాడవలెను. నమోదు సంఖ్య యిమ్మని అడిగి, దానిని రెరా వెబ్‌సైటులో చదువుకొన్న పల్లెపిల్లవానిచేతనైనను సరిచూపించుకొనవచ్చును. “నెలకు నూటికి ఒకటి అద్దె గ్యారంటీ” అని దుకాణపు స్థలములు అమ్మజూపువారిని కూడ ఇదే తూకమున తూచుడు. ఏడాదికి రెండు మూడు వచ్చు చోట పండ్రెండు ఇత్తుమనువాడు ఆ తక్కిన తొమ్మిదిని ఎచ్చటినుండి తెచ్చును? వెనుక వచ్చు వాని డిపాజిట్టునుండియే గదా.

పన్నుల విషయము సంగ్రహముగా. 2013 నాటి భూసేకరణ చట్టము ననుసరించి వచ్చిన పరిహారముపై ఆదాయపు పన్ను లేదు. తొందరపడి ఇల్లు కొననిచో పన్ను పడునని భయపెట్టువారి మాట నమ్మవద్దు. పురపాలక హద్దులకు దూరమున నున్న సేద్యపు భూమిని అమ్మినను మూలధనపు లాభముపై పన్ను లేదు. పట్టణమునకు దగ్గఱి భూమి యైనచో పన్ను కలదు. దానిని రెండేండ్లలోపల మఱియొక సేద్యపు భూమిని కొనియు, లేక నియమములకు లోబడి ఇల్లు కొనియు తప్పించుకొనవచ్చును. అద్దె మాత్రము సేద్యపు ఆదాయము కాదు. అందులో ఇంటిపన్ను పోను మిగిలినదానిలో నూటికి ముప్పది మరమ్మతుల క్రింద మినహాయింతురు. ఒక్క యింటి అద్దె తప్ప వేఱు రాబడి లేని సామాన్య రైతునకు దీనిపై పన్ను పడుట అరుదు.

కొన్న పిమ్మట చేయవలసినది అద్దెదారుని చూచుకొనుట. పదునొకండు నెలల కరారు వ్రాయు ఆచారము ఏర్పడుటకు కారణము, ఏడాది దాటిన కౌలు పత్రమును రిజిస్టరు చేయవలెనని 1908 నాటి చట్టము చెప్పుటయే. రెండు నెలల అడ్వాన్సు పుచ్చుకొనుడు. కరెంటు బిల్లు బకాయి మీ పేరనే నిలుచును గనుక ప్రతి నెల రసీదు చూడుడు. ఒకే వృత్తివారితో నిండిన వీధి, ఒకే పంట వేసిన ఊరు వంటిది. 2020లో కరోనా కాలమున కంప్యూటరు ఉద్యోగులు ఇంటినుండియే పని చేయుటకు సొంత ఊళ్ళకు పోగా, పడమటి హాస్టళ్ళును అద్దె యిండ్లును నెలలకొలది ఖాళీగా పడియున్నవి. ఆస్పత్రి, కళాశాల, కార్ఖానా, బస్సు లేక మెట్రో స్టేషను, ఇట్టివి రెండు మూడు దగ్గఱనున్న వీధిలో అద్దె కొంత తక్కువైనను ఇల్లు ఖాళీగా నుండదు.

బయానా ఇచ్చుటకు ముందు ఆ భవనమునకే పోయి, అచ్చట అద్దెకున్న ఇద్దఱిని “నెలకెంత ఇచ్చుచున్నారు? నీరు వచ్చునా? మీకు ముందున్నవారు ఎందుకు పోయిరి?” అని అడిగి రండు. ఆ యంకెను మీ క్రయ ధరతో కలిపి కాగితముపై వ్రాసికొని, పై లెక్కలోని వరుసల ప్రకారము ఖర్చులు తీసివేసి తెచ్చినచో, సంఘ కార్యాలయమున గుమాస్తా మీతో కూర్చుండి సరిచూచును. ఇప్పటికి అట్లు లెక్క వేసికొని వచ్చిన సభ్యులు నలుగురు. వారిలో ఒకరు ఇల్లు కొనిరి, ఇద్దఱు సొమ్మును డిపాజిట్టుగా ఉంచిరి, నాలుగవ వారు ఊరిలోనే ప్రక్క పొలము అమ్మకమునకు రాగా దానిని కొనిరి.